నిఘా కెమెరా తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

అనంతపురంలో ఒక మోస్తరు బట్టల అంగడికి నాలుగు కెమెరాలు బిగించే పని సాధారణంగా ఒక పూటలో అయిపోతుంది. నిచ్చెన వేసి, గోడకు రంధ్రాలు పెట్టి, వైరు లాగి, గల్లా మీద ఒకటి, వాకిలి వైపు ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, సరుకు గదిలో ఒకటి బిగించాక, టీవీ తెర మీద నాలుగు గళ్లలో నాలుగు దృశ్యాలు కనబడగానే పని ముగిసిందని అందరూ అనుకుంటారు. ఇంకా పది నిమిషాల పని మిగిలే ఉంటుంది. బిగించడానికి వచ్చిన కుర్రవాడు రికార్డరు అడుగున అంటించి ఉన్న క్యూఆర్ కోడును తన ఫోనుతో స్కాన్ చేసి, "అన్నా, నా ఫోన్లో యాడ్ చేసినా, నీకు షేర్ పెడ్తాన్లే" అంటాడు. కాసేపటికి యజమాని ఫోనులోనూ దృశ్యం వస్తుంది, కూలి డబ్బులు చేతులు మారతాయి. అయితే ఆ క్షణం నుంచి ఆ కెమెరాల ఖాతా కుర్రవాడిది. అంగడి యజమాని అందులో చూడడానికి అనుమతి పొందిన వ్యక్తి మాత్రమే. ఎవరికి చూపాలో, ఎవరికి ఆపాలో నిర్ణయించే అధికారం ఇంకొకరి జేబులో ఉన్న ఫోనుకు వెళ్లిపోయింది.

కెమెరా భద్రత గురించి మాట్లాడేటప్పుడు ఎన్ని మెగాపిక్సెళ్లు, రాత్రి ఎంత దూరం కనబడుతుంది అన్న ప్రశ్నలే ముందుకు వస్తాయి. అసలు ప్రశ్న ఆ పది నిమిషాల్లో ఉంది. పాతకాలపు అనలాగ్ కెమెరాకు సొంత బుర్ర ఉండేది కాదు; అది పట్టిన దృశ్యం కోయాక్సియల్ వైరు గుండా డీవీఆర్ అనే రికార్డరుకు చేరేది, అంతే. నెట్‌వర్క్ కెమెరా అలా కాదు. అందులో ప్రాసెసర్ ఉంటుంది, ఎక్కువ వాటిలో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది, లోపల ఒక చిన్న వెబ్ సర్వర్ నడుస్తూ ఉంటుంది, నెట్‌వర్క్‌లో దానికంటూ ఒక ఐపీ చిరునామా ఉంటుంది. అంటే గోడకు బిగించినది కన్ను మాత్రమే కాదు, ఇరవై నాలుగు గంటలూ ఇంటర్నెట్‌కు తగిలించి ఉన్న ఒక చిన్న కంప్యూటర్ కూడా. ఆఫీసులో కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టనివాడిని తప్పుపట్టే మనుషులే, సొంత అంగడి కెమెరాకు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ను ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తుంటారు.

ఈ నిర్లక్ష్యం ఏ స్థాయికి పోగలదో 2016లోనే తెలిసింది. మిరాయ్ అనే మాల్‌వేర్ ఇంటర్నెట్‌లో కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను వెతుక్కుంటూ పోయి, ఫ్యాక్టరీలో పెట్టిన సుమారు 60 యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించింది. అంతకు మించిన నేర్పు దానికి అవసరం రాలేదు. లక్షల పరికరాలు దాని వశమయ్యాయి. ఆ ఏడాది అక్టోబర్ 21న అలా వశమైన పరికరాలతో, వెబ్‌సైట్ పేర్లను ఇంటర్నెట్ చిరునామాలుగా మార్చి చూపే డైన్ అనే అమెరికన్ సంస్థ సర్వర్ల మీద దాడి జరిగినప్పుడు, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి పెద్ద సేవలు సైతం గంటల పాటు చాలామందికి అందలేదు. ఆ కెమెరాల యజమానులకు తమ గోడ మీదున్న వస్తువు అలాంటి పనిలో పాల్గొంటోందన్న సంగతి తెలిసే వీలే లేదు, ఎందుకంటే దృశ్యం యథావిధిగా వస్తూనే ఉంటుంది.

మన దేశంలో దెబ్బ ఇంతకన్నా దగ్గరగా, ఇంతకన్నా బాధాకరంగా తగిలింది. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి లోపలి కెమెరాల దృశ్యాలు బయటికి పొక్కి, వైద్యం కోసం వచ్చిన ఆడవాళ్ల వీడియోలు ఆన్‌లైన్‌లో అమ్మకానికి వెళ్లాయి. రక్షణ కోసమని పెట్టిన కెమెరా వల్లే ఆ ఆడవాళ్లు పరువు పోయిందని కుమిలిపోవలసి వచ్చింది. పెద్ద కంపెనీ క్లౌడ్‌లో పెడితే అంతా భద్రమేనన్న ధీమా కూడా పూర్తిగా నిలవదు. 2021 మార్చిలో అమెరికాకు చెందిన వెర్కాడా సంస్థ నిర్వాహక ఖాతా వివరాలు బయటివారి చేతికి చిక్కడంతో ఆసుపత్రులు, జైళ్లు, కర్మాగారాలతో కలిపి సుమారు 1.5 లక్షల కెమెరాల దృశ్యాలు వారికి అందుబాటులోకి వచ్చాయి.

ఇలాంటి ముప్పులను దృష్టిలో పెట్టుకుని కేంద్ర ప్రభుత్వం కెమెరాల భద్రతకు తప్పనిసరి ప్రమాణాలను 2024లో ప్రకటించి, 2025 ఏప్రిల్ నుంచి అమలులోకి తెచ్చింది. పరికరాన్ని భౌతికంగా తెరిచి లోపలికి చొరబడడానికి వీలుందా, సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి వెళుతోందా, లాగిన్ కట్టుదిట్టంగా ఉందా, ఫర్మ్‌వేర్‌ను, అంటే పరికరం లోపలి సాఫ్ట్‌వేర్‌ను, మార్చివేయడానికి సందుందా అన్నవి ఈ పరీక్షల్లో చూస్తారు. ఎస్‌టీక్యూసీ ఈ వ్యవస్థలో ప్రధానమైన ప్రభుత్వ సంస్థ. కొనేటప్పుడు మోడల్ నంబరు చెప్పి, ఈ ధ్రువీకరణ ఉన్నదా అని అడగడం ఇకమీద అలవాటు చేసుకోవాలి. ఐదారు వందలు తక్కువకు వస్తున్నదని, పేరూ ఊరూ లేని, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఎప్పటికీ రాని కెమెరా తీసుకోవడం మంచి బేరం కాదు.

బిగింపు సంగతికి వస్తే, ఈ జిల్లాకంటూ కొన్ని చిక్కులు ఉన్నాయి. ఇది తాడిపత్రి నాపరాళ్ల సీమ. పాత ఇళ్లలో గోడలకూ, కప్పులకూ, గేటు పక్క అరుగులకూ బండలే వాడారు. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి, కాంక్రీటు గోడ మీద ఆడించినట్టు హ్యామర్ మోడ్‌లో డ్రిల్లు ఆడిస్తే బండ నిలువునా బీట వారుతుంది. హ్యామర్ ఆపి, ముందు సన్నటి బిట్‌తో, అంచుకు కనీసం జానెడు లోపలికి, మెల్లగా తొలవాలి. మిద్దె కప్పుకైతే అసలు రంధ్రమే పెట్టకుండా దూలానికో, గోడకో బిగించడం మేలు. కప్పులో పెట్టిన చిన్న రంధ్రం కూడా వానాకాలానికి కారే చోటవుతుంది.

ఎండ రెండో చిక్కు. బయట వాడే కెమెరాల్లో చాలావాటికి తయారీదారులు 60 డిగ్రీల సెల్సియస్ వరకు హద్దు చెబుతారు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ నీడలోనే 40 దాటుతుంది. పడమటి గోడ మీద నేరుగా ఎండ తగిలే లోహపు డబ్బా లోపలి వేడి గాలి వేడి కన్నా చాలా ఎక్కువ ఉంటుంది. సజ్జా కింద బిగిస్తే వేడీ తగ్గుతుంది, సాయంత్రపు సూర్యుడు నేరుగా కంట్లో పడి దృశ్యం తెల్లబోవడమూ తప్పుతుంది. అయితే సున్నం కొట్టిన సజ్జా అడుగు భాగం కెమెరాకు మరీ దగ్గరగా ఉంటే, రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు దానికి తగిలి వెనక్కి వచ్చి, బయటి మనిషి మసకగా కనబడతాడు. ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తులో పెడితే ముఖాలు దొరుకుతాయి, పన్నెండు అడుగులకు ఎక్కిస్తే నెత్తులే కనబడతాయి. ఆషాఢ మాసపు గాలులకు ఊగే స్తంభం మీద పెట్టిన కెమెరా రోజుకు వందల హెచ్చరికలు ఫోనుకు పంపుతుంది. నాలుగు రోజులు చూసి యజమాని హెచ్చరికలను ఆపేస్తాడు, దొంగ వచ్చిన రాత్రి కూడా అవి ఆగే ఉంటాయి.

వైరు దగ్గర పొదుపు చేయడం చాలా చోట్ల జరిగే తప్పు. పీఓఈ పద్ధతిలో ఒకే క్యాట్ 6 కేబుల్ గుండా కెమెరాకు కరెంటూ డేటా రెండూ వెళతాయి. 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం, కెమెరాలను కలిపే నెట్‌వర్క్ స్విచ్ 15.4 వాట్లు ఇస్తే, 100 మీటర్ల దూరం పోయాక కెమెరాకు 12.95 వాట్లు తప్పనిసరిగా అందాలి. ఈ లెక్క స్వచ్ఛమైన రాగి తీగకు వేసినది. అంగళ్లలో చౌకగా దొరికే కొన్ని కేబుళ్లలో లోపల అల్యూమినియం, పైన రాగి పూత మాత్రమే ఉంటుంది. దాని నిరోధం ఎక్కువ కాబట్టి దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. దీని లక్షణం విచిత్రంగా ఉంటుంది: పగలంతా చక్కగా పనిచేసిన కెమెరా చీకటి పడగానే ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతుంది. చీకట్లో ఇన్‌ఫ్రారెడ్ బల్బులు వెలిగి కరెంటు ఎక్కువ లాగడమే కారణం. జనం కెమెరా చెడిపోయిందనుకుని మారుస్తారు; కొత్తదీ అదే రాత్రి అదే పని చేస్తుంది. కేబుల్ కొనేటప్పుడే ఒక తీగ కొసను బ్లేడుతో గీకి చూస్తే, అది అలాంటిదైతే ఎర్రటి పూత కింద తెల్లటి లోహం బయటపడుతుంది, అనుమానం అక్కడే తీరిపోతుంది.

కేబుల్ కొసన ఉండే ఆర్‌జే45 కనెక్టరును జంక్షన్ బాక్సులో దాచడం వాన కోసం మాత్రమే కాదు. వీధి వైపు గోడ మీద ఆ కనెక్టరు వేలాడుతూ ఉంటే, ఎవరైనా దాన్ని పీకి తమ ల్యాప్‌టాప్‌కు తగిలించి నేరుగా అంగడి నెట్‌వర్క్ లోపలికి రావచ్చు. బాక్సులోకి వెళ్లే ముందు వైరును కిందికి ఒక వంపు వంచితే నీటి చుక్క అక్కడే జారిపోతుంది. 230 వోల్టుల కరెంటు వైరు, కెమెరా కేబుల్ ఒకే పైపులో పోనివ్వకూడదు. పాతూరు సందుల్లో స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైర్లు ఇళ్ల ముందు చేతికందే దూరంలో వేలాడుతుంటాయి. అక్కడ అల్యూమినియం నిచ్చెన ఎక్కించడం ప్రాణంతో చెలగాటం, చెక్కదో ఫైబర్‌దో వాడి తీరాలి.

పిడుగుల కాలంలో బయటి కేబుల్ గుండా వచ్చే సర్జ్ స్విచ్‌నూ రికార్డరునూ కలిపి కాల్చేయగలదు. సర్జ్ ప్రొటెక్టర్ పెట్టినా, ఇంటికి ఎర్త్ సరిగా లేకపోతే అది చేయగలిగింది తక్కువ. వాన తక్కువైన ఈ నేలలో ఉప్పు, బొగ్గు వేసిన ఎర్త్ గుంత వేసవికి పొడిబారిపోతుంది; వారానికో పదిరోజులకో దానిలో రెండు బిందెల నీళ్లు పోయడం పాత ఎలక్ట్రీషియన్లు చెప్పే మాట, ఆ మాటలో పూర్తి శాస్త్రం ఉంది. రౌటరు, స్విచ్, రికార్డరు మూడూ ఇన్వర్టర్ మీదే ఉండాలి, ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ రికార్డరు ఆగి మళ్లీ లేస్తుంది, ఆ రెండు మూడు నిమిషాలు రికార్డులో ఉండవు.

ఇక నెట్‌వర్క్. ఇంటి బయట నుంచి కెమెరా చూడడానికి ఒకప్పుడు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేసేవారు. అంటే 80, 554 వంటి పోర్టులను ప్రపంచానికంతా తెరిచి పెట్టడం. మిరాయ్ వంటివి వెతికేది ఇలా బయటికి తెరిచి ఉన్న తలుపులనే. ఇప్పుడు చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో పలువురు చందాదారులకు ఒకే పబ్లిక్ ఐపీ ఉంటోంది కాబట్టి ఈ పద్ధతి పనిచేయడమూ తగ్గింది. ఐపీవీ6 ఉన్న చోట మాత్రం రౌటర్ ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో విడిగా చూసుకోవాలి. రౌటర్‌లోనూ రికార్డర్‌లోనూ యూపీఎన్‌పీ అనే సదుపాయం ఉంటుంది. యజమాని ప్రమేయం లేకుండానే పరికరం తనంతట తాను పోర్టు తెరుచుకోవడానికి ఇది వీలిస్తుంది, కాబట్టి దీన్ని ఆపేయాలి. బయట నుంచి సొంత నెట్‌వర్క్‌లోకి గుప్తమైన దారి వేసే వీపీఎన్ పెట్టుకోగలిగితే అది అన్నిటికన్నా మంచి దారి. అంత పరిజ్ఞానం అందుబాటులో లేని అంగడికి, తయారీదారు సర్వర్ మధ్యవర్తిగా ఫోనునూ పరికరాన్నీ కలిపే పీ2పీ పద్ధతిలో, వారి యాప్ ద్వారా చూడడం పోర్టులు తెరవడం కన్నా నయం, కాకపోతే ఖాతా యజమానిదై ఉండాలి, దానికి రెండంచెల ధ్రువీకరణ ఉండాలి. బయట నుంచి చూడవలసిన అవసరమే లేనివారు పీ2పీని కూడా ఆపేసుకోవచ్చు.

బిల్లింగ్ కంప్యూటర్, యజమాని ఫోను, కెమెరాలు అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే, ఒక కెమెరా లొంగితే మిగతావాటికీ దారి దొరుకుతుంది. దీనికి ఖర్చు తక్కువైన విరుగుడు సొంత పీఓఈ పోర్టులున్న ఎన్‌వీఆర్, అంటే నెట్‌వర్క్ కెమెరాల రికార్డరు. కెమెరాలు నేరుగా దానికే తగులుకుని వాటికంటూ ఒక వేరు నెట్‌వర్క్ ఏర్పడుతుంది. అవి రౌటర్‌ను చూడవు, రౌటర్ వాటిని చూడదు. వైఫై కెమెరా అయితే రౌటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్‌కు కలపడం మధ్యేమార్గం. వైఫై కెమెరా ఎంత సులువైనా, వాకిలి వంటి ముఖ్యమైన చోటుకు వైరే నమ్మకం, ఎందుకంటే వైఫై సంకేతాన్ని బయట నిలబడినవాడు అడ్డుకోగలడు.

ఖాతా విషయం మళ్లీ ఎత్తుకోవలసిందే, ఎందుకంటే పైవన్నీ సరిగా చేసినా ఇది తప్పితే అన్నీ తప్పినట్టే. బిగించే కుర్రవాళ్లందరినీ దొంగలుగా చూడడం అన్యాయం. వారు తమ ఫోనులో యాడ్ చేసుకునేది ఎక్కువసార్లు సర్వీసు సౌకర్యం కోసమే. ధర్మవరం అంగడిలో కెమెరా ఆగిందని ఫోను వస్తే అనంతపురంలో కూర్చునే చూసి చెప్పవచ్చని. కానీ అదే ఫోనులో అలాంటి వంద అంగళ్లు ఉంటాయి, అన్నిటికీ గుర్తుండడానికి ఒకే పాస్‌వర్డ్ ఉంటుంది. ఆ ఫోను పోతే, ఆ కుర్రవాడు ఉద్యోగం మానితే, ఆ ఒక్క పాస్‌వర్డ్ ఎవరికైనా తెలిస్తే, వంద అంగళ్లూ ఒకేసారి తెరుచుకుంటాయి. కాబట్టి రికార్డరు మొదటిసారి పాస్‌వర్డ్ అడిగినప్పుడు మౌసు యజమాని చేతికి రావాలి. పన్నెండు అక్షరాలకు తగ్గకుండా, తమకు మాత్రమే తెలిసిన ఒక తెలుగు మాటల వరుసను ఇంగ్లిషు అక్షరాల్లో రాసి, మధ్యలో అంకెలు కలిపితే, మరచిపోకుండా ఉంటుంది, ఊహించడానికీ కష్టం. దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. రికార్డరు మీద స్టిక్కరుగా అంటించడం తప్పు. క్యూఆర్ కోడును మొదట స్కాన్ చేసేది యజమాని ఫోనే కావాలి, పాస్‌వర్డ్ మరచిపోతే తిరిగి తెచ్చుకోవడానికి ఇచ్చే నంబరూ ఈమెయిలూ యజమానివే కావాలి. కుర్రవాడికి సర్వీసు కోసం ప్రవేశం ఇవ్వాలంటే, తక్కువ అధికారాలతో వేరు యూజర్‌ను సృష్టించి, పని తీరాక తొలగించవచ్చు. ఇప్పటికే పరికరం వేరొకరి ఖాతాలో ఉంటే వారే దాన్ని వదిలిపెట్టాలి. వారు అందుబాటులో లేకపోతే తయారీదారు కొనుగోలు రుజువు అడగవచ్చు. సీరియల్ నంబరు రాసిన బిల్లు అప్పుడు అక్కరకు వస్తుంది.

నేరం జరిగాక దృశ్యం సాక్ష్యంగా నిలబడాలంటే గడియారం కూడా సరిగా ఉండాలి. కొన్ని పరికరాలు చైనా సమయంతో వస్తాయి, అది మన సమయానికి రెండున్నర గంటలు ముందు. రాత్రి 11 గంటల దొంగతనం తెరపై మర్నాడు ఒంటిగంటన్నర అని పడితే కోర్టులో ప్రశ్నలు తప్పవు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారితే మారిపోయే వేలిముద్ర లాంటి సంకేతం, కూడా రాయాలి. నిల్వ లెక్క సులువే: సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఒక కెమెరాకు రోజుకు 21.6 జీబీ, నాలుగు కెమెరాలకు నెలకు సుమారు 2.6 టీబీ. జనం ఎక్కువగా వచ్చే చోట్లకు వర్తించే 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం 30 రోజుల నిల్వను కోరుతుంది కాబట్టి, 4 టీబీ డిస్కు సరిపోతుంది, 1 టీబీ సరిపోదు. ఇదే లెక్కన మొబైల్ డేటా మీద ఒక కెమెరాను గంట సేపు చూస్తే 900 ఎంబీ ఖర్చవుతుంది.

కెమెరా ఎటు చూస్తున్నదన్నది పక్కింటివారి హక్కు కూడా. ఇరుకు సందులో ఎదురింటి గడప, పక్కింటి పెరడు, మిద్దె మీద బట్టలు ఆరేసుకునే చోటు దృశ్యంలో పడుతుంటే, ప్రైవసీ మాస్క్ సదుపాయంతో ఆ భాగాన్ని నల్లగా మూసేయాలి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. బట్టలు మార్చుకునే గదిలోకి కెమెరా తొంగి చూస్తే ఐటీ చట్టంలోని 66ఈ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. మాటలు రికార్డు చేసే మైకు చాలా కెమెరాల్లో ఆన్‌లోనే వస్తుంది. గల్లా దగ్గర కూడా అది ఎందుకు కావాలో గట్టి కారణం లేనప్పుడు ఆపేయడమే మర్యాద.

చీనీ (బత్తాయి) తోటల్లో బోరు దగ్గర కేబుల్ దొంగతనాలకు విసిగిన రైతులు ఇప్పుడు సిమ్ వేసే సోలార్ కెమెరాలు పెట్టుకుంటున్నారు. ఇందులో వైరు గొడవ లేదు కానీ సిమ్ ఎవరి పేరు మీద ఉందన్న కొత్త ప్రశ్న ఉంది. అమ్మినవాడి పేరు మీదుంటే, అతను రీఛార్జ్ ఆపిన రోజు తోట చీకటైపోతుంది. లోపల మెమరీ కార్డు ఉన్న కెమెరాను చేతికందే ఎత్తులో పెడితే దొంగ కేబుల్‌తో పాటు సాక్ష్యాన్నీ పట్టుకుపోతాడు.

బిగింపు ముగిసిన రోజు చీకటి పడేదాకా ఆగి చేయవలసిన పరీక్షలు నాలుగున్నాయి. వాకిట్లో ఒక మనిషిని నిలబెట్టి ముఖం గుర్తు పట్టగలుగుతున్నారో లేదో చూడాలి. రౌటరు నుంచి ఇంటర్నెట్ వైరు పీకి, రికార్డింగు ఆగకుండా సాగుతోందో లేదో చూడాలి. మెయిన్ స్విచ్ దించి ఇన్వర్టర్ మీద అన్నీ నిలుస్తున్నాయో లేదో చూడాలి. చివరగా యాప్ తెరిచి, ఈ పరికరం ఎవరెవరితో పంచుకుని ఉందో చూపే జాబితాలో తెలియని పేరు ఒక్కటీ లేదని సరిచూసుకుని, ఆ తర్వాత కూలి లెక్క తేల్చవచ్చు.